పడవ ముందు ఏ లంకకి వెళ్ళింది

మొన్నటి వరదలో మేం నాలుగు రోజులు మేడమీదే ఉండిపోయాం. భవానీపురంలో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది, కృష్ణ పక్కనే ఉన్నా మా వీధిలోకి ఏనాడూ నీళ్ళు రాలేదు కాబట్టి, ఆ ఉదయం లేచి చూసేసరికి మూడో మెట్టుదాకా నీళ్ళుంటే ఎక్కడో పైపు పగిలిందనుకున్నాను గాని వరద అనుకోలేదు. మధ్యాహ్నానికి కింద వాటా మునిగింది. అందులో అద్దెకుండే సాయిబుగారు, గవర్నర్‌పేటలో బట్టల కొట్టున్నాయన, భార్యతో సహా బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మా వాటాలోకి వచ్చేశారు. మా ఆవిడతో కలిపి నలుగురం ముసలివాళ్ళం, ఒక గ్యాసు పొయ్యి, రెండు బిందెల మంచినీళ్ళు.

మొదటి రెండు రోజులు మాకోసం ఎవరూ రాలేదు. హెలికాప్టరు పోతుంటే చిన్నపిల్లల్లా చేతులూపాం, అది మా మీదుగా ఎటో పోయింది. పెద్దరోడ్డు వాళ్ళకి పడవలు వస్తున్నాయని, మమ్మల్నెవరూ పట్టించుకోవడం లేదని సాయిబుగారూ నేనూ పిట్టగోడ దగ్గర నిలబడి ప్రభుత్వాన్ని తిట్టని తిట్టు లేదు. మూడో రోజు పరిస్థితి తిరగబడింది. పాల ప్యాకెట్లూ, బిస్కెట్లూ, పులిహోర పొట్లాలూ మేం నలుగురం వారంరోజులు తిన్నా తరగనన్ని వచ్చి పడ్డాయి. సరిగ్గా అప్పుడే మా వెనక సందులోంచి ఒకాయన మెడలోతు నీళ్ళలో నడిచి వచ్చి, తలెత్తి మా మేడవైపు చూసి, “మీకైతే అన్నీ వస్తాయండీ, మా సందులోకి పడవ కూడా తిరగదు” అని అరిచాడు. మేం తాడుకి సంచి కట్టి ఆయనకి కావలసినవి దించాం గాని, నాకు మాత్రం ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నిన్నటిదాకా ఆ మాట అన్నది మేమే గదా.

ఫోన్లు సరేసరి. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డున ఉండే మా వియ్యపురాలు క్షేమం కనుక్కోడానికే చేశారు, ప్రేమ గల మనిషి, అయినా మాటల్లో అనకుండా ఉండలేకపోయారు. “మీకేటి అన్నయ్యగారూ, బెజవాడోలు, ఏకంగా హెలికాప్టర్లే వస్తన్నాయి. మాకు గాలివాన కొట్టినప్పుడు మా మొకం సూసినోలు నేరు” అన్నారు. సిగ్నలు లేనట్టు హలో హలో అన్నాను. ఆ సాయంత్రమే మా అక్క ఫోను చేసింది. తనది కృష్ణలోనే, దివిసీమ వైపు, నది మధ్యలో ఉన్న లంక. బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళన్నీ వాళ్ళ అరటితోటల మీదుగానే సముద్రంలోకి పోవాలి. “ఏరా, అన్నం తిన్నావా? టీవీల్లో అంతా మీ ఊరే చూపిస్తున్నారట” అంది. మీ ఊరెలా ఉందక్కా అంటే, “మామూలేరా, నడుంలోతు” అని, నేను మందులు వేసుకుంటున్నానా లేదా అన్న విషయంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరిని ఏ టీవీ చూపించలేదన్న సంగతి ఆవిడ ఫిర్యాదుగా అనలేదు. అనకపోవడమే నన్ను పీడించింది. ఎందుకంటే ఆ లంకకి ఒకప్పుడు పడవ పంపవలసినవాణ్ణి నేను, ఆ కథ నేనెవరికీ చెప్పలేదు.

నా ఈడు వాళ్ళకి తాలూకా ఆఫీసులు గుర్తుండే ఉంటాయి. ఎర్రగుడ్డ మూటల్లో దస్త్రాలు, గోడవారగా బల్లమీద పొద్దుటినుంచీ ఓపిగ్గా కూర్చున్న రైతులు, చెమ్మకి మెత్తబడ్డ కాగితం వాసన. డిగ్రీ అవగానే అటువంటి ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అదృష్టం చూడండి, మా అక్కని ఇచ్చిన లంక మా తాలూకా కిందకే వచ్చేది. ఆదివారం వస్తే పడవెక్కి వాళ్ళింటికి పోయేవాణ్ణి. అక్కకన్నా వాళ్ళ అత్తగారికే నేనంటే ఎక్కువ ఇష్టం. సన్నగా, గట్టిగా ఉండే మనిషి, పసుపు తవ్వకాల రోజుల్లో కూలీలతో సమానంగా చేలో నిలబడేది. నాకోసం గేదెపాల మీగడ విడిగా తీసిపెట్టి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, గవర్నమెంటు ఉద్యోగమంటే ఏం చేస్తారు నాయనా అని ప్రతి వారమూ అడిగేది. ప్రతి వారమూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

నేను చేరిన రెండో ఏడే పెద్ద వరద వచ్చింది. నదిలో మా తాలూకాకి చెందినవి రెండు లంకలు. ఎగువన ఉన్నదాన్ని పై లంక అని, అక్కావాళ్ళు ఉండేదాన్ని కింది లంక అని అనేవాళ్ళం. రెండూ మునిగాయి. ఇవతలి ఒడ్డు మా జిల్లా, అవతలి ఒడ్డు మరో జిల్లా. మా ఒడ్డు జనమేమో అవతలి జిల్లాకి లారీలమీద లారీలు బియ్యం దిగుతున్నాయని, మనకి మాత్రం అటుకులు పంచుతున్నారని గోలపెట్టేవారు. తరవాత ఎప్పుడో అవతలి ఒడ్డు ఆఫీసులో పనిచేసినాయన చెప్పాడు, వాళ్ళ జనం కూడా అక్షరం పొల్లు పోకుండా మా గురించి అదే మాట అనేవారట.

ఆ ఉదయం రేవులో మాకు దొరికింది ఒకే ఒక్క ఇంజను పడవ. అందులో బియ్యం, దుప్పట్లు, వండించిన పులిహోర గంపలు, కిరసనాయిలు డబ్బాలు ఎక్కించాం. మా తహసీల్దారుగారు నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో నన్ను పక్కకి పిలిచి, “ఇవాళ ఒక లంకకే సరిపోతుందయ్యా. ఏది ముందో నువ్వే చూసుకో, నీకు ఆ ఊళ్ళు తెలుసుగా” అని జీపెక్కి వెళ్ళిపోయారు. ఏది ముందో ఆలోచించవలసిన పనే లేదు. పై లంకలో ఎగువ కొసన మెరక ఉంది, డాబాలున్నాయి. కింది లంకలో బడి డాబా తప్ప నిలబడేందుకు చోటు లేదు. పడవ నడిపే పెద్దాయన ముందురోజు అటుగా పోయి కళ్ళారా చూసి వచ్చాడు కూడా.

సరిగ్గా నేను పడవలో కాలుపెట్టేటప్పుడు రేవులో గుమిగూడినవాళ్ళలోంచి ఎవరో, “ఇంకేముంది, వాళ్ళ అక్కగారి ఊరికే పోతుంది” అన్నారు. నలుగురు నవ్వారు. అన్నదెవరో ఇవాళ్టికీ నాకు తెలియదు. నాకు ఇరవైమూడేళ్ళు, కొత్త ఉద్యోగం, నిజాయితీపరుడన్న పేరు మీద ఎంత మోజో చెప్పలేను. చెవులు వేడెక్కిపోయాయి.

“ఏ లంకకండీ?” అన్నాడు పడవాయన.

“పై లంకకి.”

ఆయన ఇంజను మీద చెయ్యి తీసి నావైపు చూశాడు. “కింది లంకవాళ్ళు బడి డాబా మీద తడుస్తా ఉన్నారండీ. ఆడాళ్ళు, పిల్లలు.”

“పై లంకకే పోనీ” అన్నాను.

పై లంకలో మెరకమీద చేరినవాళ్ళకే ఆ సరుకంతా అయిపోయింది, ఆ ఊరి దిగువ కొసకి గింజ కూడా చేరలేదు. పోనీ మర్నాడు కింది లంకకి పోదామంటే, రోడ్డు పక్క ఊళ్ళో వరద చూడడానికి మంత్రిగారు వస్తున్నారని పడవని అక్కడికి పట్టుకుపోయారు. ఆయన మర్నాడు రాలేదు, ఆ పైరోజు వచ్చారు. పడవ రెండు రోజులూ ఆ ఊరి చెరువుగట్టు దగ్గర కట్టేసే ఉంది. నేను ఆఫీసులో కూర్చుని, ఇంకొక పడవకోసం కనపడ్డ ప్రతివాణ్ణీ బతిమాలాను. దొరకలేదు.

నాలుగో రోజు పొద్దున్న కింది లంకకి బయల్దేరాం. దారిలో పై లంక దిగువ కొస దాటుతుంటే అక్కడి జనం చెట్లెక్కి గుడ్డలూపుతూ, ఆపండి ఆపండి అని కేకలు పెట్టారు. నేను ఆపనివ్వలేదు. ఇంకా ఆలస్యమైతే అక్కావాళ్ళు ఏమైపోతారోనన్న భయం తప్ప ఆ క్షణాన నాకేమీ వినపడలేదు. బడి డాబా మీద అక్క మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. పక్కనే గోనెపట్టా కప్పుకుని వాళ్ళ అత్తగారు వణికిపోతోంది. నన్ను చూసి అక్క ఏడవలేదు, కోప్పడలేదు, “వచ్చావా” అని మాత్రం అని పులిహోర పొట్లం విప్పి ముందు అత్తగారి నోటికి అందించింది. ఆవిడ తినలేకపోయింది. నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి కాలిపోతోంది. ఒడ్డుకి చేర్చి ఆస్పత్రిలో పెట్టాం, ఊపిరితిత్తులకి నెమ్ము పట్టేసిందన్నారు, పది రోజులకి పోయింది.

మొదటిరోజే పడవ అటు పోయి ఉంటే ఆవిడ బతికేదా? డాక్టరు కూడా చెప్పలేని మాట అది, నేనెలా చెప్పను? కానీ నలభై ఏళ్ళకి పైగా, ప్రమోషన్లు వచ్చినప్పుడూ, రిటైరై దండ వేయించుకున్నప్పుడూ, ఆ ప్రశ్న నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది. అక్కకి చెబుదామని ఎన్నోసార్లు అనుకుని, ఇంటినిండా చుట్టాలున్నారనో, ఆవిడకి ఒంట్లో బాగాలేదనో వాయిదా వేస్తూ వచ్చాను.

ఈసారి మా వీధిలో నీళ్ళు తీశాక, ఇల్లు కడుక్కుని, ఇక ఉండబట్టలేక బస్సెక్కి రేవుకి పోయి, పడవలో కింది లంకకి వెళ్ళాను. అక్క ఇంటి ముందు మోకాటి ఎత్తున ఒండ్రు. అరటితోట నేలకి అంటుకుని పడుకుంది. వాళ్ళకీ ఏదో కొంత సాయం వచ్చిందట, బెజవాడకి వచ్చినంత రాలేదని ఊళ్ళో అందరూ అంటున్నారు, ఎంత వచ్చిందో ఎంత రాలేదో ఎవరికీ సరిగ్గా తెలిసినట్టు లేదు. అక్క అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టకుండానే మొత్తం చెప్పేశాను. రేవులో నవ్విన నవ్వు, పడవాయన మాట, నేనన్న మాట, అన్నీ.

అక్క నన్ను వింతగా చూసింది.

“అదేంట్రా, నువ్వు మర్నాడే వచ్చావుగా.”

“కాదక్కా. నాలుగో రోజు.”

“మర్నాడే. నేను డాబా మీదున్నాను, నాకు తెలియదా? అందరికన్నా ముందు మా ఊరికే వచ్చింది పడవ. మా తమ్ముడు ఆఫీసులో ఉండబట్టే మేం బతికామని ఈ ఊళ్ళో ఎంతమందికి చెప్పానో. నా కోడళ్ళకి కూడా చెప్పాను.”

“మరి మీ అత్తగారో?” అన్నాను. “ఆవిడకి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు, ఆయుష్షు అంతే” అంది. “పై లంకవాళ్ళకి మాత్రం ఇప్పటికీ మా మీద గుర్రే. నీ మూలాన మాకు ముందొచ్చిందని” అంటూ నవ్వింది. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉంది. నన్ను ఓదార్చడానికి అబద్ధమాడుతోందా, నిజంగానే అలా గుర్తుందా అని ఆ ముఖంలో ఎంత వెతికినా నాకు తెలియలేదు. నాలుగు పగళ్ళూ వానలో కలిసిపోయి ఆవిడకి ఒకే పగలైపోయాయేమో. లేక నా లెక్కే తప్పా? మూడు రోజుల ఆలస్యమన్నది నేను నలభై ఏళ్ళు మోసి మోసి పెంచుకున్న బరువా? కాదు, మంత్రిగారి రాక నాకు బాగా గుర్తు. గుర్తే అనుకుంటున్నాను.

తిరుగు పడవలో నా పక్కన పై లంక పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. మాటల్లో నేనెవరో తెలిసి, “మీరా! మీ అక్కగారి ఊరికి ముందు పంపించిన సారు మీరేనా!” అన్నాడు, కోపమేమీ లేకుండా, పాత నేస్తాన్ని గుర్తుపట్టినట్టు. ఆయనది ఆ ఊరి దిగువ కొస. ముందు వచ్చింది మీ ఊరికేనండీ అని నేను చెబితే నవ్వేసి, “మేం చెట్టుమీదుండి చూశాంగా సార్, పడవ మమ్మల్ని దాటి పోయింది” అన్నాడు. అది అబద్ధమా? కాదు. దాటి పోయింది, నేనే ఆపనివ్వలేదు. ఆయన చూసింది చూసినట్టే చెప్పాడు.

అప్పట్లో జనం నిలదీయడానికి రేవులో నాలాంటి ఒక మనిషి ఉండేవాడు, పేరుపెట్టి తిట్టేవారు, తప్పో ఒప్పో అతని మీద వేసేవారు. ఇప్పుడు ఆకాశంలోంచి పొట్లాలు పడతాయి, ఎవరు పంపారో, ఎవరికి ముందు పంపాలని ఎవరు రాశారో కింద నిలబడ్డవాళ్ళకి కనపడదు. ఏది మెరుగో నాకు తెలియడం లేదు. మా వీధిని ముందు వదిలేశారా, వెనక సందుకన్నా మాకు ఎక్కువ ఇచ్చారా, వియ్యపురాలి మాటలో ఎంత నిజముంది, నాకు నాలుగు రకాలుగా తోస్తోంది. ఒకప్పుడు నా చేతుల్లోనే ఉన్న ఒక్క పడవ ముందు ఎటు పోయిందో ఇద్దరు సాక్షులకి చెప్పి నమ్మించలేకపోయాను, ఇంత పెద్ద రాష్ట్రంలో ఎవరికి ఏం అందిందో ఎవరు తేల్చాలి?

రేవు వచ్చింది. పెద్దాయన నాకు చెయ్యి అందించి దింపి, భుజం మీద తట్టి, “పోనీలెండి సార్, అయిపోయిందేదో అయిపోయింది. ఈసారి వరదొస్తే మాత్రం మా కొసకి ముందు పంపించండి” అన్నాడు.

ఉద్యోగం అయిపోయి పదేళ్ళు దాటినవాణ్ణి. ఆ మాటే ఆయనకి చెప్పి ఉండొచ్చు గాని, “అలాగేనండీ” అన్నాను.