తీగె మీద గవ్వలాట

మా అవ్వకూ, చెన్నూరు అవతలి పల్లెలో ఉండే చిన్నవ్వకూ గవ్వలాటంటే పిచ్చి. హుస్నాబాద్ దగ్గరున్న మా ఊరి నుంచి అక్కడికి పోవాలంటే బస్సు మీద బస్సు మారాలి. అందుకని ఫోన్లో వీడియో పెట్టుకుని ఆడేవాళ్లు. ఇక్కడ అవ్వ, అక్కడ చిన్నవ్వ నేలమీద సుద్దముక్కతో గడులు గీసుకునేవారు. అవ్వ కాయలు చింతగింజలు, చిన్నవ్వవి గాజుముక్కలు. గవ్వలు ఎవరు వేసినా రెండుచోట్లా కాయలు జరిపేవారు.

చిక్కల్లా సిగ్నల్‌తోనే. సరిగ్గా గవ్వలు గాల్లో ఉండగా బొమ్మ ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి అవ్వ మురిసిపోతూ, "అష్ట పడ్డదే చెల్లె! ఎనిమిది!" అనేది.

"నాకు కనవడనప్పుడే నీకు అష్ట పడుతదా?"

"నెట్టు పోతే నేనేం జేద్దు?"

తన వంతు వచ్చినప్పుడు చిన్నవ్వకూ సరిగ్గా అలాగే పడేది. ఒకసారి మాటామాటా పెరిగి, బతుకమ్మ పండుగ దాకా ఇద్దరికీ మాటల్లేవు.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. గిరాకీలు పంపే జాకెట్ డిజైన్లు ఫోన్లో తెరుచుకోక నేనూ విసిగిపోయి ఉన్నాను. మా ఊరికి ఫైబర్ వస్తోందని తెలియగానే మొదట పేరిచ్చింది నేనే. చిన్నవ్వ వాళ్లకు అప్పటికే వచ్చింది. "మా దిక్కు మంచిగనే ఉన్నది, మీ ఊరే ఎనుకవడ్డది" అని ఆమె దెప్పినప్పుడల్లా అవ్వకు ఒళ్లు మండేది.

ఎట్టకేలకు వైరు వేసే ఆయన వచ్చాడు. కరెంటు స్తంభాల మీదుగా నల్లవైరు లాక్కొచ్చి, గోడకు రంధ్రం కొట్టి, కొస చెక్కి లోపలి గాజుపోగును బయటికి తీశాడు. అవ్వ కళ్లు చిట్లించి చూసింది.

"ఎంటిక తీరుగున్నది. గిండ్లకెల్లి మా చెల్లె వస్తదా కొడుకా?"

"మీ చెల్లె ఒక్కతేంది అవ్వా, వాళ్ల ఊరు ఊరంత వస్తది. ఫికర్ జేయకు."

డబ్బా మీద పచ్చదీపాలు వెలిగాయి. ఫోన్లో చిన్నవ్వ ప్రత్యక్షమైంది. ముక్కుపుల్ల మెరుపుతో సహా కనబడుతోంది.

"అయ్యో అక్కా, నీ నెత్తి గింత తెల్లగైంది ఎప్పుడే?"

"నీ పన్నెప్పుడు ఊడిందే చెల్లె?"

ఇద్దరూ పరామర్శలు అక్కడితో ఆపి గవ్వలు తీశారు. చాయ్ తాగి పొమ్మని నేను వైరాయనను కూర్చోబెట్టాను. అవ్వ కొంగు నడుముకు దోపి, అరచేతుల్లో గవ్వలు గలగలలాడించి వేసింది. మూడు బోర్లా పడ్డాయి, ఒకటే వెల్లకిలా. అలవాటు కొద్దీ ఆమె, "చెమ్మ! నాలుగు!" అని అరిచింది.

"అక్కా, ఒకటే పడ్డది," అంది చిన్నవ్వ. "బొమ్మ ఆగలే."

అవ్వ ఫోను వంక చూసింది. గవ్వల వంక చూసింది. గోడమీది డబ్బా వంక చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత మనిషే నవ్వుతూ పక్కకు ఒరిగిపోయింది. అటువైపు చిన్నవ్వ కళ్లు తుడుచుకుంటూ, "నేన్ సుత ఇన్నొద్దులు గట్లనే ఏసిన అక్కా!" అంటోంది. నవ్వాపుకోలేక నేను ఎవరిదో జాకెట్ చెయ్యి వంకరగా కత్తిరించాను.

ఆట మళ్లీ మొదలైంది. నిజంగా ఆడితే అష్టలు అంత తొందరగా పడవని అప్పుడు తెలిసింది. నవ్వులు విని వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. అటూ పదిమంది చేరారు. అవ్వ చింతగింజలు ఒక్కొక్కటే చచ్చి బయటికి వస్తున్నాయి. ఆమె మెల్లగా వైరాయన వైపు వంగింది.

"కొడుకా, గా డబ్బా జర బంద్ జేయరాదు?"

"గిప్పుడే పెట్టిచ్చుకుంటివి గదనే అవ్వా!"

"ఒక్క నిమిషమే. మళ్ల పెడుదువు."

ఆయనకు చాయ్ పొలమారింది. ఫోన్లోంచి చిన్నవ్వ కేక వేసింది.

"అక్కా, మాట సుత మంచిగనే ఇనవడుతున్నది!"

ఇక అటు ఊరూ ఇటు ఊరూ ఒక్కటే నవ్వు. ఆ గోలలోనే చిన్నవ్వ గెలిచింది. ఓడిపోయి అంత సంబరపడే మనిషిని నేనెన్నడూ చూడలేదు. అవ్వ ఫోను ఎత్తి పట్టుకుని వచ్చిన వాళ్లందరినీ పేరుపేరునా చెల్లెలికి చూపించింది. "గియ్యాల ఒక్కదాన్ని జేసి గెలిశినవ్. రేపు మా వాడకట్టంత కూసుంటం, సూస్కుందాం రా" అని సవాలు విసిరింది.

మర్నాడు పొద్దున కుట్టడానికి వరండాలోకి వచ్చాను. అడుగుపెట్టే చోటు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గడులు గీసి, చేతులకంటిన సుద్ద దులుపుకుంటోంది అవ్వ.

"మిషిని జర అటు జరుపు బిడ్డా," అంది. "వాళ్ల ఊరోళ్లు బువ్వ తినంగనే వస్తమన్నరు."