కోత చేతులు

పోయిన మంగళవారం ఉదయం నేను ప్రార్థన గంట కొట్టబోతుంటే గుంటూరు బస్సు మా బడి ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు తల బయటపెట్టి, "మాస్టారూ, మీ పంతులమ్మగారు రాత్రి పోయారంట. నాలుగింటికి సమాధుల దొడ్డికి తీసుకెళ్తారంట" అని చెప్పి విజిల్ వేశాడు. నేను వెంటనే నమ్మలేదు. ఆవిడ పోయారన్న కబురు పదేళ్ల కిందట కూడా ఒకసారి పుట్టింది. అది పుట్టింది నావల్లే.

ఆవిడ నాకు చదువు చెప్పిన పంతులమ్మ కాదు. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఒంటరిగా ఉండేవారు. రోజూ తెల్లచీరతో, నల్ల గొడుగుతో రెండు మైళ్లు నడిచి, మిరపచేల మధ్య పల్లెలో ఉన్న మిషను బడికి వెళ్లేవారు. ఒకే గది, ముప్ఫై మంది పిల్లలు, ఆవిడొక్కరే టీచరు. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. నేను ఎస్సెల్సీ ప్యాసై ఏడాదిగా నాన్న పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. ఆవిడ మా అరుగు దగ్గర ఆగి, "ఏరా మస్తానూ, ఇంకా దూదిలోంచి లేవలేదా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఆవిడకి కంటి ఆపరేషన్ చెయ్యాలన్నారు. నెలన్నర గుంటూరు ఆసుపత్రిలో ఉండాలి. ఎవరూ రాకపోతే బడి మూసేస్తామని పైవాళ్లు చెప్పారట. ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చి, "నా బదులు నువ్వు కూర్చో" అన్నారు.

"చదువు చెప్పడం నాకు రాదండీ."

"నాకు మాత్రం అన్నీ వచ్చే కూర్చున్నానా? పిల్లలు నేర్పుతార్లే."

హాజరుపట్టీ, తాళంచెవి నా చేతిలో పెట్టి, ఏ పిల్లకి చెవుడో, ఎవడు అన్నం తినకుండా వస్తాడో అన్నీ చెప్పారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు.

అది మిరపకోతల నెల. పిల్లలు తెల్లవారగానే తల్లులతో చేలోకి వెళ్లి, కాయలు కోసి, పది దాటాక బడికి వచ్చేవారు. నా చేతికి దూది అంటింది గానీ చేలో మిరప ఎప్పుడూ అంటలేదు. మొదటి రోజు చూస్తే ముప్ఫై మందీ అరచేతులు పైకి పెట్టి, మోకాళ్ల మీద ఉంచుకుని, బొమ్మల్లా కూర్చున్నారు. బద్ధకమనుకున్నాను. "పలకలు తీయండి" అన్నాను. ముందు వరస పిల్ల మెల్లగా, "పంతులమ్మగారు తీయనివ్వరండీ" అంది.

"ఇప్పుడు పంతులమ్మగారు లేరు. నేనున్నాను" అన్నాను. పద్దెనిమిదేళ్ల పౌరుషం మరి.

పలకలు తీశారు, ఎక్కం రాశారు, ఉమ్మి వేసి అరచేత్తో తుడిచారు. ఒకడు కన్ను నులుముకుని ఘొల్లుమన్నాడు. తర్వాత వాడి పక్కవాడు. ఐదు నిమిషాల్లో బడంతా ఏడుపే. పంతులమ్మ మీద బెంగ అనుకుని నాకూ జాలేసింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, పలక అందుకుని తుడిచి, చెంపలు నిమిరి, "వస్తార్లే అమ్మా, ఏడవకండి" అన్నాను. అదే చేత్తో నా మొహం మీది చెమటా తుడుచుకున్నాను. ఇక చూసుకోండి.

చేలోంచి వస్తున్న ఆడవాళ్లు గుమ్మంలో ఆగారు. పిల్లలూ పంతులూ కలిసి ఏడుస్తుంటే వాళ్లకి ఒకటే తోచింది. "అమ్మో, మా పంతులమ్మగారు! కళ్లకి కత్తి పెట్టించుకోవద్దని చెప్పాం గదయ్యా!" అంటూ నెత్తి కొట్టుకున్నారు. నాకు కళ్లు తెరవడానికి లేదు, మాట పెగలదు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. చివరికి ఒక ముసలమ్మ పలక చూసి గుట్టు కనిపెట్టింది.

"ఏందయ్యా పంతులూ, కోత చేతుల్తో పలకలు పట్టించావా? ఎవురయ్యా నిన్ను పంతుల్ని చేసింది?" అని అరిచి, ఆముదం తెచ్చి అందరి చేతులకీ రాసింది. నా చేతులకి కూడా.

సాయంత్రం బస్సెక్కి గుంటూరు వెళ్లాను, తాళంచెవి తిరిగి ఇచ్చేద్దామని. ఆవిడ రెండు కళ్లకీ కట్టుతో పడుకుని ఉన్నారు. జరిగింది చెప్పాను.

"నవ్వించకురా, కుట్లు ఊడతాయి" అన్నారు. మళ్లీ, "తప్పు నాది. కోతల రోజుల్లో అంతా నోటి లెక్కలే, పలక ముట్టనివ్వను. ఇన్నేళ్ల అలవాటు, చెప్పాలనే తోచలేదు" అన్నారు. తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుని, "మంట తగ్గిందా?" అని అడిగారు. కళ్లకి కత్తి పెట్టించుకున్న మనిషి నన్ను అడుగుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"బదులు వచ్చినవాణ్ణండీ, నావల్ల కాదు" అన్నాను.

"బదులు పంతులంటూ ఎవడూ ఉండడు. ఆ పూటకి ఆ పిల్లలకి నువ్వే పంతులువి. రేపొక్కరోజు వెళ్లి చూడు. వాళ్లు రాకపోతే తాళంచెవి ఎవరికైనా ఇచ్చెయ్."

మర్నాడు పది దాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఒక్క పిల్లా రాలేదు. తాళంచెవి తీశాను కూడా. అప్పుడు గట్టు మీద వరసగా కనిపించారు. ముప్ఫై మందీ వచ్చి, అరచేతులు పైకి పెట్టి కూర్చున్నారు. రెండో ఎక్కం నోటితో మొదలుపెట్టాం.

తర్వాత ఆవిడే దగ్గరుండి నన్ను ట్రైనింగుకి పంపించారు. మిరపచేల నడుమే ఇంకో ఊరి బడిలో పంతుల్నయ్యాను. ఏటా కోతల ముందు ఎవరో ఒకరి చేత నాకొక ఆముదం సీసా అందేది. ఈ ఏడాది రాలేదు. ఒంట్లో బాగాలేదేమో కనుక్కోవలసింది. కనుక్కోలేదు. అది నన్ను బాధిస్తూనే ఉంటుంది.

మంగళవారం నాలుగింటికి సమాధుల దొడ్డికి వెళ్లాను. ఇప్పుడూ కోతల నెలే. కబురు విని జనం చేలోంచి ఉన్నపళంగా వచ్చేశారు. పంతులమ్మగారు పలక తీయనివ్వరన్న ఆ ముందు వరస పిల్ల ఇప్పుడు తల్లయింది. మిరప చేతులతో బిడ్డని ఎత్తుకోలేక, చేతులు దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె బిడ్డని ఎవరో ఎత్తుకున్నారు. పెట్టె దించుతుంటే అందరూ ఏడ్చారు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. నా చేతులకి మిరప అంటలేదు, జేబులో రుమాలు కూడా ఉంది. తీయలేదు. వాళ్లందరితో పాటు అరచేతులు పైకి పెట్టి నిలబడ్డాను.