తోకలున్న అక్షరాలు

యోహాను మేస్టారు కూడబెట్టిన పాటల్లో కొన్నిటిని వైరస్ తినేసిందనీ, మిగిలినవి నా తెలివివల్ల దక్కాయనీ కాశీబుగ్గలో ఇప్పటికీ చెబుతారు. మేస్టారు పోయాక జరిగిన కూడికలో పాస్టరుగారు కూడా అదే చెప్పి, నన్ను లేచి నిలబడమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రెండు మాటలూ అబద్ధమే. వైరస్ లేదు, నా తెలివీ లేదు. ఇన్నాళ్లూ మూసుకున్న నోరు ఇప్పుడెందుకు తెరిచానంటే, మొన్న నా పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించాను, విండోస్ మళ్లీ ఎక్కించుకున్నాను. బటన్ నొక్కితే చప్పుడే లేదు, తెర ఇట్టే వెలిగింది. సరదాగా ఓ పాత ఫైలు తెరిచాను. తెరనిండా నెత్తిన టోపీలు పెట్టుకుని, కాళ్ల కింద తోకలు వేలాడేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు! ఇరవయ్యేళ్ల కిందట ఇలాంటి అక్షరాలనే చూసి నేను చేసిన పని కళ్ల ముందుకొచ్చింది.

మేస్టారంటే బడిపంతులు కాదు, కంపోజిటర్. ఎనిమిదో తరగతితో చదువాపేసి, ముప్పయ్యేళ్లు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. కాశీబుగ్గలో ఆయన ప్రెస్సుకు ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చు మిషను ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, టెక్కలి కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ ముగించి, మందస నుంచి రోజూ బస్సెక్కి ఆయన దగ్గర డీటీపీ పనికి వెళ్లేదాన్ని. మొదటిరోజే ఆయన పేర్చిన అక్షరాల చట్రమొకటి నా ముందు పెట్టి "సదువు" అన్నారు. అక్షరాలన్నీ కుడి ఎడమై తిరగబడి ఉన్నాయి. అద్దం ఇమ్మన్నాను.

"అద్దమెందుకమ్మా సుగుణా? అచ్చరం తిరగబడ్డాదంతే, సచ్చిపోనేదు."

"ఈ సీసం ఇంకా ఎవరిక్కావాలి మేస్టారూ? మ్యూజియంలో పెట్టండి."

"పక్కన నన్నూ నిలబెట్టీమంటావేటి?"

"టిక్కెట్టు పెడితే జనం చూస్తారు."

ఆయన పకపకా నవ్వారు. నాకు నోరెక్కువని తెలిసీ పనిలో పెట్టుకున్నారు.

ఆయన ప్రాణమంతా ఆ పాటల మీదే ఉండేది. భావనపాడులో చేపలెండబెట్టే ఎస్తేరమ్మ అనే ముసలామె ఆయన చర్చి సంఘంలోని మనిషే. అక్షరమ్ముక్క రాదు. చేపలు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ, ప్రభువు మీద సొంతంగా పాటలు కట్టుకుని పాడేది. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేని పాటలవి. మేస్టారు శనివారం శనివారం బస్సెక్కి వెళ్లి, చీటీల మీద రాసుకొచ్చి, ఒంటివేలితో టైపు చేసుకునేవారు. ఐదు ఫైళ్లయ్యాయి. ఆ తర్వాత కొద్దికాలానికే ఎస్తేరమ్మ చనిపోయింది. ఇక పుస్తకం వేసి తీరాలని ఆయన పట్టుబట్టారు. చెదలు పడుతున్నాయని ఆ చీటీలు పారేయించింది నేనే. "కంప్యూటర్లో ఉన్నాక కాగితమెందుకు మేస్టారూ? ఎక్కడికి పోతాయి?" అన్నాను. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఆయన నమ్మారు.

కంప్యూటర్లో హార్డ్ డిస్క్ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది పూర్తిగా పోకముందే కొత్తది తెప్పించాం. కొత్తదానిలో విండోస్ ఎక్కించాను, రెండిటినీ కలిపి ఫైళ్లు ఇటు లాగాను, పాతదాన్ని శుభ్రంగా ఫార్మాట్ చేసి పక్కన పెట్టాను. మా తెలుగు ఫాంటు పాత విండోస్‌లో ఉండేదనీ, దాంతోపాటే పోయిందనీ, అది లేని కంప్యూటరు తెలుగును ఇంగ్లీషు గుర్తులుగా చూపిస్తుందనీ నా బుర్రకెక్కలేదు. పాటల మొదటి ఫైలు తెరిస్తే టోపీలూ తోకలూ. రెండోది తెరిస్తే అవే. వైరస్ అనుకున్నాను. అనుకోవడమేమిటి, తేల్చేశాను. మిగతావాటికి అంటుకోకముందే ఆ రెంటినీ మళ్లీ దొరక్కుండా చెరిపేశాను. మూడోది తెరిచాను, అదీ అంతే. దాని పనీ పట్టబోతుండగా వెనక గదిలో ట్రెడిల్ ఆగింది. మేస్టారు కిరసనాయిలు గుడ్డతో చేతుల సిరా తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డారు.

"వైరస్ మేస్టారూ. అంతా పాడైపోయింది."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని తెర మీదకు వంగారు. కాసేపు పెదాలు కదిపారు. ఆ తర్వాత గొంతెత్తి పాడారు.

"ఎండ నీది పెభువా, సేప నాది, ఎత్తుకుపోయే కాకి ఎవులిది?"

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆ పిచ్చిగీతల మీద వేలు జరుపుకుంటూ పాడుతున్నారాయన! నోటికొచ్చిన పాట కాబోలనుకుని, చరచరా కిందికి జరిపి మరోచోట చూపించాను. అక్కడున్నది పాట కాదు, ఎస్తేరమ్మ గురించి ఆయన రాసుకున్న నాలుగు ముక్కలు. అవీ తడుముకోకుండా చదివేశారు.

"ఇది మీకెలా..."

"ఇదీ ఓ కేసే గదమ్మా" అన్నారు. కేసంటే కంపోజిటర్లు అక్షరాలు పోసుకునే గళ్ల పెట్టె. "ఏ గడిలో ఏ అచ్చరముందో ఎరిగితే సాలు. నువ్వు రాకముందు ఇశాపట్నం పంపిన ఫైలొకటి ఇలగే అచ్చయి వచ్చినాది. ఆల కాడ మన ఫాంటు నేదు. పారీబుద్ది కాక, కూకుని నేర్సుకున్నాను. పాటలకేటీ అవనేదు. మొదటి రెండూ తియ్యి, సూద్దాం."

"తీసేశాను మేస్టారూ."

"తీస్తే సూపించవేటి మరి?"

"ఆ తీయడం కాదు. చెరిపేశాను."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. చేతిలో గుడ్డ మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే తిరిగి ఏదో ఒకటి అనగలను, నాకు చేతనైంది అదే. ఆయన ఒక్క మాటే అడిగారు.

"పక్క గదిలోనే ఉన్నాను గదమ్మా. సెరిపే ముందల ఓ కేకెయ్యనేకపోనావా?"

నా దగ్గర జవాబుంది. ఎనిమిదో తరగతి మనిషికి కంప్యూటరు సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అది పైకి అనలేదు. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, లేచి చెప్పులేసుకుని టెక్కలి బస్సెక్కారు. అక్కడ తెలిసినవాళ్ల దుకాణంలో అదే ఫాంటు ఫ్లాపీలోకి ఎక్కించుకుని సాయంత్రానికి తెచ్చారు. మూడు ఫైళ్లూ చక్కటి తెలుగులోకి మారాయి. పోయినవాటిలో మేస్టారికి నోటికొచ్చిన పాటలు నాలుగే. చెరిపిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ఉపాయాలుంటాయని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

మర్నాడు సంఘపెద్దలు వచ్చి పుస్తకం ఎంతవరకొచ్చిందని అడిగారు. మేస్టారు తల ఎత్తకుండా, "రెండు ఫైళ్లు వైరస్ తినీసినాది. మిగిలినయి మా సుగుణ కాపాడినాది" అన్నారు. నా చెవులను నేను నమ్మలేకపోయాను. అబద్ధమాడగా ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. "పని సూసుకో అమ్మా" అన్నారు. అంతటి నోటిదాన్ని, పని చూసుకున్నాను. పుస్తకం పలచగా వచ్చింది. చివరి పేజీలో నాకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. అవి కంపోజ్ చేసింది నేనే, ఆయన రాసిచ్చింది చూసి.

తర్వాత ఆరేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఆయన ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు, నాది చాదస్తమంటారు. నాకు అర్థం కానిది ఏదైనా చెరపబోయే ముందు, పక్క గదిలో ఎవరుంటే వారిని పిలిచి చూపిస్తాను. ఊడ్చే మనిషైనా సరే. వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఒక్కటే తేలలేదు మేస్టారూ. ఆ అబద్ధం నన్ను కాపాడటానికి ఆడారా? లేక, మీరు అన్నం పెట్టిన పిల్లే మిమ్మల్ని ఏమీ తెలియని మనిషిగా లెక్కగట్టిందని నలుగురికీ తెలియడం ఇష్టంలేక ఆడారా?