ఉలవకుప్ప చుట్టూ రాళ్లు

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డులో ఆర్ అండ్ బి గ్యాంగుకు ముప్పై ఏండ్లు మేస్త్రిగా చేసినాను. నాది ఊరిబడి చదువే. అయినా ఆ దోవలో చింతచెట్లకు సున్నం పట్టీలు కొట్టించింది నేను. మలుపుల్లో కంప నరికించి ఎదురుబండి కనపడేట్టు చేసింది నేను. వంక పొంగి రోడ్డు తెగితే మర్నాటికల్లా బస్సు నడిపించినానని కలెక్టరు శాలువా కప్పినాడు. నా చేతికింద పని నేర్చినోళ్లలో మునిరాజను మించినోడు లేడు. ఇది వాని కథ.

మునిరాజ నాయన గొర్రెలు మేపినాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క రెడ్డెమ్మ వాన్ని సాకింది. గ్యాంగులో జీతానికి చేరినాక కూడా ఆమె ఇంట్లో సంగటి తినంది పనికి వచ్చేవాడు కాదు.

వాళ్లది రోడ్డు పక్క ఊరు. ఆ ఊరికి రోడ్డే కల్లం. ఉలవ చెట్లు పీకి తారు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఊడ్చి కుప్ప పోసి, దాని మీదికి బండ్లు రాకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పొద్దు గూకేసరికి గింజ ఇంటికి పోతుంది. రాళ్లు మాత్రం రేపటికని ఆడనే ఉంటాయి.

రాళ్లు వద్దని మునిరాజ ఎంతో చెప్పినాడు. అక్క అందరి ముందరా నవ్వింది.

"ఏమప్పా, రోడ్డు నీ పేర రిజిస్టరు అయిందా?"

వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రోజూ పని దిగినాక వచ్చి రాళ్లన్నీ తానే పక్కకు దొర్లించేవాడు. ఊరికి అది అలవాటైపోయింది.

పోయినేడు కోతల్లో కుప్పం పక్క లారీ గుద్ది కల్వర్టు గోడ కూలింది. అక్కడ ఇసుక మూటలు పేర్చి ఎర్రజెండాలు కట్టేదానికి మునిరాజను పంపినారు. వాడు రాత్రికి అక్కడే ఉండిపోయినాడు. ఈడ రెడ్డెమ్మ గింజ ఎత్తుకొని ఇంటికి పోయింది. రాళ్లు తమ్ముడు చూసుకుంటాడులే అనుకుంది.

ధనుంజయది బి.కొత్తకోట. మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా. ఆ పొద్దు మసక చీకట్లో, పుంగనూరులో పుట్టింట్లో ఉండే భార్య అనూష దగ్గరికి మోటారు సైకిల్లో వస్తాండాడు. హెల్మెట్టు పెట్టుకునే ఉండాడు. బండి రాయెక్కి పల్టీ కొట్టింది. ఎదురు లారీ ఆగలేకపోయింది. ధనుంజయ ఆడనే పోయినాడు.

తెల్లారి ఎస్సై వచ్చి, రాళ్లు ఎవరివని అడిగినాడు. మిగతా రాళ్లను ఊరోళ్లు అప్పటికే వంకలో పడేసినారు. బండి కింద ఇరుక్కున్న ఒక్కటే ఉండిపోయింది. అందరూ మాకు తెలీదన్నారు.

మునిరాజ కుప్పం బస్సు దిగేసరికి రెడ్డెమ్మ వాన్ని పక్కకు లాగి చెయ్యి పట్టుకుంది. రాయి లారీలోంచి పడిందని చెప్పమనింది, గ్యాంగు మనిషి చెప్తే పోలీసులు నమ్ముతారనింది.

"నిన్ను సాకిన చేతులప్పా ఇవి. జైల్లో పెట్టిస్తావా?"

వాడు చెయ్యి విడిపించుకోలేదు. బండి కింద రాయి తట్టు చూసినాడు. అది వాళ్ల నాయన కట్టిన గొర్రెలదొడ్డి గోడ రాయి. చిన్నప్పుడు దాని మీదనే కూచునేవాడు. అక్క చెయ్యి పట్టుకొనుండగానే ఎస్సైతో చెప్పినాడు.

"మా యక్క రాయి సార్. రోజూ తీసేవాణ్ణి నేను. నిన్న లేను."

రెడ్డెమ్మ చెయ్యి వదిలేసింది.

కేసు పుంగనూరు కోర్టులో నడస్తానే ఉండాది. వాయిదాకు ఇద్దరూ ఒకే బస్సులో పోతారు, ఆమె ముందర సీట్లో, వాడు వెనక. సాకిన అక్కను పట్టిచ్చినోడని ఊరు ఈసడించింది. నేనే ఇంటికి పోయి, నువ్వు చేసింది సరైన పనేరా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపినాడు.

"నేను తీయబట్టే వాళ్లు తీసేది నేర్వలేదు మేస్త్రీ."

ఈ ఏడు కోతలకు వాడు రాయి ముట్టలేదు. పొద్దు గూకేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి, ఎవరి రాళ్లు వాళ్లతోనే తీయిస్తాండాడు. కొందరు గొణుక్కుంటా తీస్తారు. కొందరు వాన్ని చూస్తానే తలుపేసుకుంటారు.

తలుపేసుకున్నోళ్ల రాళ్లు తీసేదానికి రెడ్డెమ్మ వస్తుంది. ఆమె ఉలవలు ఇప్పుడు మిద్దె మీదనే, కట్టెతో కొట్టుకుంటుంది. కొంగు బిగించి ఒక్కో రాయీ పక్కకు దొర్లిస్తుంది. అంతసేపూ మునిరాజ రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకొని బండ్లు ఆపుతాడు. ఆఖరి రాయి తీసినాక ఆమె వాని తట్టు చూడకుండా ఇంటికి పోతుంది.