గద్ద కన్ను

ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. మంగళవారం పొద్దున వంటింటి కిటికీ తీస్తే, నూనెలో కలిపిన సింధూరం వాసన మెట్రో కింది రోడ్డు పొగతో కలిసి లోపలికి వస్తుంది. చేతులు జోడిస్తాను. ఆ వాసనకు అందరికీ దేవుడు గుర్తొస్తాడేమో. నాకు ముందు గొరిల్లా గుర్తొస్తుంది, స్వామి క్షమించుగాక.

అప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక గల్లీలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఎండాకాలం అమ్మ డాబా మీద పెట్టిన వడియాల మీద సన్నగా మసి పడేది. మధ్యాహ్నం సైరన్‌కు అమ్మ బియ్యం కడిగేది, సాయంత్రం సైరన్‌కు బాపు ఇంటికొచ్చేవాడు, మా గడియారం అదే. నాకు ఉబ్బసమని బడికి పంపలేదు. అక్షరాలూ ఎక్కాలూ అమ్మే పొయ్యి పక్కన కూర్చోబెట్టి నేర్పింది, అందుకు ఈరోజుకీ ఆమెకు దండం పెట్టుకుంటాను. కానీ నాకన్నా రెండేళ్లు చిన్నదైన చెల్లెలు లత మెడకు టై కట్టుకుని, భుజాన నీళ్ల సీసా ఊపుకుంటూ గల్లీ మలుపు తిరుగుతుంటే, నా గొంతుకు అడ్డం పడేది ఉబ్బసం ఒక్కటే కాదు.

ఒకరోజు బాపు హబ్సిగూడ ఫుట్‌పాత్ మీద జంతువుల చార్టు కొనుక్కొచ్చి వంటింటి గోడకు అతికించాడు. రెండే బొమ్మలు, పైన రెక్కలు చాపిన గద్ద, కింద గుండెల మీద చేతులు పెట్టుకున్న గొరిల్లా.

"ఆదివారం జూకు పోదాం. మోపెడ్ మీద ఒక్కలకే జాగ. ఎవరి జంతువు గొప్పదో మంచిగ జెప్పినోళ్లు నాతోని వస్తరు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే లత గద్ద మీద చెయ్యి వేసేసింది. నాకు గొరిల్లా మిగిలింది.

లతకు బడి పుస్తకాలున్నాయి, టీచరుంది. నాకు నాయనమ్మ ఉంది. బియ్యంలో రాళ్లేరుతున్న ఆమె చార్టు వైపు కళ్లు చిట్లించి చూసి, "మన ఆంజనేయుని సుట్టమే గద బిడ్డా! నమ్ముకో, గెలిపిస్తడు" అంది. నమ్ముకున్నాను. రోజూ స్నానం చేసి గొరిల్లా నుదుట సింధూరం దిద్ది, బెల్లం ముక్క చూపించి, ఆ బెల్లం నేనే తినేదాన్ని.

ఆదివారం లత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: గద్ద అంత పైనుంచి ఎలుకను చూస్తుంది, రెక్క కొట్టకుండా గాలి మీద తేలుతుంది, దాని గోళ్లకు చిక్కింది జారదు. నేను లేచి, గొరిల్లాకు మనలాగే చేతులున్నాయి, అది పిల్లను ఎత్తుకునేది ముద్దుకు, గద్ద ఎత్తుకుపోయేది తినడానికి అన్నాను. బాపు తల ఊపాడు. అక్కడ ఆగినా బాగుండేది. "పైగా ఇది ఆంజనేయస్వామి చుట్టం" అన్నాను.

"మరి తోకేదక్కా?" అంది లత. "తోక లేకుంట లంకెట్ల కాలవెడ్తడే మీ సామి?"

అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

లతను ఎక్కించుకున్న మోపెడ్ చప్పుడు గల్లీ దాటగానే స్టూలెక్కి గద్ద కన్నును గోటితో గీకేశాను. కింది తెల్లకాగితం బయటపడింది.

సాయంత్రం లత ఎగురుకుంటూ వచ్చింది. "అక్కా, గద్ద ఉత్తగ మూలకు గూసుంది, ఎగురనే లేదు. గొరిల్లా లేదు గని దాని సుట్టం చింపాంజీ ఉంది. పిల్లను ఒళ్లె వెట్టుకొని పేన్లు సూసింది, అచ్చం మనమ్మ లెక్క!"

నా కుళ్లు రెట్టింపయింది. నా జంతువు చుట్టాన్ని కూడా అదే చూసొచ్చింది.

బాపు చార్టు చూస్తే ఏమంటాడోనని భయం వేసి, కన్ను తిరిగి రప్పించమని స్వామికి మొక్కుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే గద్దకు కన్నుంది, నల్లగా, మునుపటికన్నా పెద్దగా! అప్పటినుంచి ఒక్క మంగళవారం మానకుండా దీపం పెడుతున్నాను.

పోయిన నెల లత నారపల్లి నుంచి వచ్చింది. అక్కడి కొత్తింటి పైన నిజం గద్దలే తిరుగుతాయట. ఆ మాటకూ నాకు లోపల చురుక్కుమంది. అయినా ఇక దాచలేక గద్ద కన్ను గీకిన సంగతి చెప్పేశాను.

"ఎరికేనే అక్కా" అంది, టీ ఊదుకుంటూ. "బాపు నిన్ను తిడ్తడని పొద్దుగాల్నే లేసి కాటికతోని నేనే దిద్దిన."

నాచారంలో ఆ ఇల్లు లేదు, అక్కడ నాలుగంతస్తులు లేచాయి. సైరన్ వినిపించదు. చార్టు గోడతోపాటే పోయింది. బాపూ లేడు, నాయనమ్మా లేదు. ఈ మంగళవారం దీపంలో రెండు వత్తులు వేశాను, ఒకటి స్వామికి, ఒకటి చెల్లెలికి. రెండోది వెలిగిస్తూ కూడా, ఆ పొద్దున లతకన్నా ముందు నేనెందుకు లేవలేకపోయానా అని కుళ్లుకున్నాను.