తిరగబడిన పేరు

మొన్న ఆదివారం సిద్దిపేటలో ఒక బొమ్మల ప్రదర్శనకు ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్లాను. ఆ బొమ్మలు వేసిన అమ్మాయిది మిరుదొడ్డి దగ్గర మా ఊరే, ఒకప్పుడు మా గడి వాకిలి ఊడ్చిన ఆమెకు కూతురు. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీస్తుంది. చెప్పులు చేత పట్టుకుని గడి ముందు నడిచిన మనుషులే ఆమె బొమ్మల నిండా.

గడి అంటే ఊరి దొర ఉండే కోటలాంటి ఇల్లని నా ఈడు వారికి చెప్పనక్కరలేదు. మా గడి తలవాకిలి పైచెక్క మీద తాతగారి పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉండేది. దసరా ముందు దానికి నువ్వుల నూనె పట్టిస్తుంటే ఆ వాసన లోపలి అరుగుదాకా వచ్చేది, నేను కింద నిలబడి ఆ పేరు చూసే అక్షరాలు నేర్చుకున్నాను. భూములు పోయాయి, గడి కూలింది. కూల్చిన నాడు మా బాపు మరేదీ అడగక ఆ పైచెక్క ఒక్కటే బండిలో వేయించుకుని సిద్దిపేటలోని కిరాయి ఇంటికి తెచ్చుకున్నారు. మాకు మిగిలింది ఆ పేరే.

పోయిన ఎండాకాలం ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, ఆ చెక్కకు అచ్చు తీసుకుంటానని అడిగింది. తల్లి నన్ను దొర అంది, కూతురు సారు అంది. తాతగారి పేరు మళ్లీ నలుగురి కంటా పడుతుందన్న ఆశతో ఒప్పుకున్నాను. అక్షరాల మీద నల్ల సిరా పట్టించి, కాగితం పరిచి, గరిటె వీపుతో ఓపికగా రుద్ది పైకి తీసింది. పేరు కుడి నుంచి ఎడమకు పడింది.

"ఇదేంది, పేరు తిరగబడ్డది," అన్నాను.

కుర్చీ వేసినా కిందనే కూర్చున్న తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోనీ తియ్ దొరా. మేమైతే తిరగబడలే గద, పేరే తిరగబడ్డది."

సరిచేయమన్నాను. అడిగే అలవాటు లేనివాణ్ణి, రెండోసారి కూడా అడిగాను.

"సీదా పడాల్నంటే చెక్క మీద ఉల్టా చెక్కాలె సారు. మీ తాత సీదా చెక్కిచ్చిండు," అంది కూతురు. "మా అవ్వకు సదువు రాదు. ఊడ్చినన్ని దినాలు ఆమెకు గిట్లనే కనవడ్డది. నేనైతే మార్చ. మీరు వద్దంటే గిప్పుడే చింపుత."

ఆ పేరు నా కళ్లముందు చినగడం చూడలేక తీసుకుపొమ్మన్నాను.

ఆ కాగితమే మొన్న గోడ మీద ఉంది. పేరుకు అడ్డంగా, చీపురు లేకుండా, నడుము వంచకుండా నిలబడ్డ తల్లిని ఎర్రమన్ను రంగుతో వేసింది. నేను చూస్తుండగా కాలేజీ పిల్ల ఒకతె పక్కకు వచ్చి, తల అటూ ఇటూ వంచి, "తాతా, ఎనుక రాసింది ఏం భాష? మీకేమన్న సమజైతుందా?" అంది.

కాలేదని చెప్పి బయటికి నడిచాను.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల చదువు వచ్చినవాళ్లు ఎందరని, అయినా ఆ పేరు ఎరగని మనిషి లేడు, పైకి పలకడానికే జంకేవారు. ఇప్పుడు ఇంటింటికీ చదువు వచ్చింది. ఆ పేరు చదవగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, నేనూ చదివి వినిపించలేదు.