మూడు నెలల్లో సర్దుకుంటుంది

నాకు కోపం ఎక్కువ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ "అమ్మో, ఆ నర్సమ్మ నోట్లో నోరు పెట్టలేం" అని వెనకాల అనుకునేవాళ్ళని నాకు తెలుసు. అనుకోనీ. నేను అరిచిన అరుపులకి ఎవరి ప్రాణమూ పోలేదు. మెత్తగా, నవ్వుతూ, భుజం మీద చెయ్యేసి చెప్పిన ఒక్క మాటకి పోయింది.

మాది రేపల్లె. నాన్న లూథరన్ బడిలో పంతులు. తెనాలిలో నర్సు ట్రైనింగు అయ్యాక నన్ను బాపట్లకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెలో వేశారు. అరవైల నడిమి సంగతి ఇది. కడుపు రాకుండా ఆడవాళ్ళకి లోపల వేసే లూపు అప్పుడే కొత్తగా వచ్చింది. దాని గురించి చెప్పడానికి మమ్మల్ని మళ్ళీ తెనాలి పిలిచారు. లేడీ డాక్టరుగారు ఆ తెల్లటి ప్లాస్టిక్ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూపించింది. మెలికలు తిరిగి ఉంది, కింద రెండు దారప్పోగులు వేలాడుతున్నాయి. "కొంతమందికి ముట్టు ఎక్కువవుతుంది, నడుం నొప్పి ఉంటుంది. కంగారు పడనివ్వకండి. మూడు నెలల్లో సర్దుకుంటుందని చెప్పండి" అంది. ఎంత ఎక్కువైతే కంగారు పడాలో ఆవిడ చెప్పలేదు. మేమూ అడగలేదు. బండి టైమవుతోందని సంచులు సర్దుకునే తొందర మాది.

నెలకి ఇన్ని కేసులు తేవాలని పైనుంచి ఒత్తిడి ఉన్నమాట నిజమే. కానీ నేను ఒత్తిడికి భయపడి లూపు వేయించలేదు. నమ్మి వేయించాను. ఏడో కాన్పులో, ఎనిమిదో కాన్పులో కళ్ళ ముందు పోయిన ఆడవాళ్ళని చూసినదాన్ని. ఇంత చిన్న ముక్కతో ఆ చావులు ఆగిపోతాయంటే దాన్ని కళ్ళకద్దుకోవాలనిపించింది.

ఆ ఊళ్ళో ఒక రైతు ఇంటికి ఒక్కగానొక్క కోడలు ఉండేది. ఇరవై ఏడేళ్ళు, నలుగురు పిల్లలు. నాలుగో కాన్పు నా చేతుల మీదే అయింది. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పొత్తికడుపు పిసుకుతూనే బండిలో బాపట్ల తీసుకెళ్ళాను. బతికింది. అక్కడి డాక్టరు ఆమె మొగుడికి మొహమ్మీదే చెప్పాడు, "ఇంకో కాన్పంటూ వస్తే ఈ మనిషి నీకు దక్కదు" అని. అతను తువ్వాలు భుజాన వేసుకుని "అట్టాగేనండి" అన్నాడు. అప్పటిదాకా నన్ను నర్సమ్మగారూ అని పిలిచే ఆ అమ్మాయి ఆ రోజు నుంచి అక్కా అనడం మొదలుపెట్టింది. వాళ్ళత్త నాకు నీళ్ళు ఎత్తి దోసిట్లో పోసేది. ఈ పిల్ల మాత్రం అత్త చూడనప్పుడు గ్లాసు చేతికిచ్చేది.

ఇక కడుపు రాకూడదు. ఉన్న దారులన్నీ చూశాం. మగవాళ్ళ ఆపరేషను చిన్నదని, పది నిమిషాల పనని మొగుడికి చెప్పాను. "దుక్కి దున్నేవాణ్ణి. నన్ను కోయించి మూలన కూచోబెడతావేంటమ్మా?" అన్నాడు. ఆమెకి చేయిద్దామంటే రెండు నెలలు బిందె ఎత్తకూడదు, ఇంటి పనెవరు చేస్తారని అత్త అడ్డం పడింది. తొడుగులు తెచ్చిస్తే చూరులో దోపి మర్చిపోయాడట మహానుభావుడు. మాత్రలు అప్పటికి మా చేతికి రాలేదు. మిగిలింది లూపు ఒక్కటే. కోత లేదు, పడక లేదు, ఇంట్లో ఎవరికీ తెలియక్కర్లేదు.

"ముట్టు ఎక్కువవుద్దంటగా అక్కా?" అని అడిగింది.

"మూడు నెలల్లో సర్దుకుంటుందే పిచ్చిదానా" అన్నాను. నవ్వాను కూడా.

ఉగాది వెళ్ళాక బాపట్లలో భావన్నారాయణస్వామి గుడికని ఇంట్లో చెప్పి నాతో వచ్చింది. ఆసుపత్రిలో ఆ రోజు చాంతాడంత వరస. ఎవరికీ ఒంట్లో రక్తం ఎంతుందో చూడలేదు. ఏడాది కిందటే ఒళ్ళంతా ఖాళీ అయిన మనిషి, కాస్త ఆ కనురెప్ప లాగి చూడండని నేనన్నా చెప్పాలా వద్దా? చెప్పలేదు. బయటికొచ్చాక పొత్తికడుపు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. తర్వాత గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి, పిల్లలకి అరటిపళ్ళు కొంది. "ఇంక భయం లేదుగా అక్కా?" అంది. లేదన్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు బయట చేరేవాళ్ళు. గొడ్లచావిడి పక్కన చాప, ఒక కంచం, ఒక చెంబు. వంటింట్లోకి రాకూడదు, ఎవర్నీ తాకకూడదు. నాలుగో రోజు తలకి నీళ్ళు పోసుకుని లోపలికొస్తారు. మా ఇళ్ళలో ఆ పట్టింపు లేదు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత అదే నా పనికి అక్కరకొచ్చింది. మగవాళ్ళ ముందు, అత్తల ముందు ముట్టు సంగతులు అడగడం కష్టం కదా. అందుకని అడగడం మానేసి పెరళ్ళలోకి తొంగి చూసేదాన్ని. ఏ కోడలు బయటుంది, ఎన్నాళ్ళుంది, చావిడి పక్కన చాప ఉందా తీసేశారా. అదే నా లెక్క. నా అంత తెలివైనది లేదనుకునేదాన్ని.

లూపు వేయించాక మొదటి నెల ఆమె తొమ్మిది రోజులు బయటుంది. అత్తకి చూపు ఆనదు, పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుంటూ ఊరంతా వినబడేలా తిట్టింది. "ఏం మాయదారి బయటుండటమే ఇది! పొయ్యి ముట్టుకోడానికి బద్ధకమై అక్కడ కూచున్నావా?" రెండో నెల పదకొండు రోజులు. నాకు లోపల గుబులుగానే ఉంది, అయినా మూడు నెలలు కాలేదుగా అని సర్దిచెప్పుకున్నాను. మూడో నెలలో ఊడ్పులు మొదలయ్యాయి. నేను వెళ్ళేసరికి ఆమె ఇరవైమంది కూలీలకి అన్నం వారుస్తోంది. బయట చేరి నాలుగో రోజే. చావిడి పక్కన చాప లేదు. అత్త పీట మీద కూర్చుని కూర తరుగుతుండగానే "ఎలా ఉంది?" అన్నాను. "బానే ఉందక్కా" అంది. నా రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా 'సర్దుకుంది' అని రాశాను. ఆ పూట నాకెంత సంతోషమేసిందో, ఇంటికెళ్ళి పాయసం వండుకున్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలూ అదే తంతు. నాలుగో రోజుకల్లా ఆమె పొయ్యి దగ్గర ఉండేది, నేను గడప దాటకుండానే చూసుకుని వెళ్ళిపోయేదాన్ని.

కార్తీకమాసంలో ఒకరోజు కాలవ గట్టు మీద ఆ ఇంటి బట్టలుతికే చాకలావిడ నన్ను ఆపింది. "నర్సమ్మగారూ, ఆ కోడలుగారికి ఏం జబ్బండి?" అంది.

"జబ్బేంటి?"

"నెలలో పదిహేను రోజులు గుడ్డలు చాటుగా నాకే పడేస్తందండి. అత్తగారికి చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఈ మధ్యన గడ్డలు గడ్డలుగా పడతందండి. కాలవలో ఎంత జాడించినా ఎరుపు పోదు."

"నాకెందుకు చెప్పలేదు?" అని ఆవిడ మీద కేకలేశాను. అలవాటుగా ఎదుటివాళ్ళ మీదే కదా పడతాం.

"మీరు అడిగితేగా అండి" అంది ఆవిడ, ఏమాత్రం తడుముకోకుండా. "ఆ లూపేదో ఏయించింది మీరేనంటగా. మీకు తెలియకుండా ఉంటదా అనుకున్నా."

పరుగున వెళ్ళాను. పొయ్యి ముందు కూర్చుని ఆయాసపడుతోంది. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నెలనెలా ఆ గుమ్మం ముందుకొచ్చి, చాప ఉందా లేదా అని చూసుకున్నానే గానీ ఈ మొహం చూడలేదు.

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదే?"

"మూడు నెలలన్నావుగా. నాకే ఆలస్యమవుతందేమో అనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకుంది. ఆమె దిగులు వేరే. "మైలతో లోపలికొచ్చేస్తన్నానక్కా. మైలతోనే దేవుడి గూట్లో దీపం పెడతన్నా. పిల్లలకేమన్నా అవుద్దేమోనని భయంగా ఉంది."

"నీ దీపం తగలెయ్య! పద, ఇవాళే తీయించేద్దాం."

"వద్దక్కా" అని నా చెయ్యి పట్టుకుంది. "తీస్తే కడుపొస్తది. కడుపొస్తే చస్తానని డాక్టరుగారే చెప్పాడు. ఇదుంటే అంత తొందరగా చావనుగా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్యా ఆ పిల్ల ఇంత నెమ్మదిగా లెక్కేసుకుని కూర్చుంటే నాకు దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. గట్టిగా అరిచాను. లూపు అన్నాను, రక్తం అన్నాను, ఏమేం అన్నానో. గుమ్మంలో అత్త నిలబడి వింటోందని చూసుకోలేదు.

బాపట్ల తీసుకెళ్ళి లూపు తీయించాం. సూదులు వేశారు, మందులిచ్చారు. రెండు నెలలకి మొహంలో కాస్త రంగు తిరిగింది. కానీ నాకు ఆ ఇంటి తలుపు మూసుకుపోయింది. "గుడికని చెప్పి తీసకెళ్ళి నా కోడల్ని పాడు చేశావు. మా దేవుడి గూడు మైల చేయించావు. మళ్ళీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను" అంది ముసలావిడ. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు కూడా నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. నా మాట మీద లూపు వేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళు సైతం, ఏ బాధా లేకపోయినా, వెళ్ళి తీయించేసుకున్నారు.

మొగుణ్ణి చేలోనే పట్టుకున్నాను. "పది నిమిషాల పనయ్యా, నువ్వు చేయించుకో, నీ పెళ్ళాం బతుకుతుంది" అన్నాను. "కుప్ప నూర్చాక చూద్దాంలెండి" అన్నాడు. కుప్ప నూర్చాక వెళ్తే "మినుము పీకాక చూద్దాంలెండి" అన్నాడు. చెడ్డవాడు కాదు. పెళ్ళాన్ని ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు. తనని కోస్తే తన బలం పోతుందని గట్టిగా నమ్మాడు, అంతే. ఆ నమ్మకాన్ని కదిలించే మాట నా దగ్గర లేకపోయింది. అప్పటికే నా మాటకి విలువ లేదు కూడా.

మినుము పీకేనాటికి ఆమెకి మూడో నెల. చాకలావిడే కబురు తెచ్చింది. కడుపు తీయించడం అప్పటికింకా నేరం. అయినా బాపట్ల వెళ్ళి డాక్టరుగారి ముందు ఏడ్చాను. "నన్ను జైలుకి పంపుతావా?" అన్నాడాయన.

ఏడో నెలలో అత్తే కబురు పెట్టింది. గడప తొక్కద్దన్న మనిషే వాకిట్లోకి ఎదురొచ్చి "చూడమ్మా, అన్నం సయించట్లేదు దానికి" అంది. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. వసారాలో నులకమంచం మీద ఆమె దిళ్ళకి ఆనుకుని కూర్చుంది, పడుకుంటే ఊపిరాడటం లేదట. రెప్ప లాగి చూశాను. మళ్ళీ అదే తెలుపు. బాపట్ల వద్దు, తిన్నగా గుంటూరు తీసుకెళ్ళండని చెబుతూ సంచిలో మందులు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"ఏంటక్కా" అంది ఆమె, వేళాకోళంగా, కళ్ళతో నవ్వుతూ. "ఈసారి మూడు నెలల్లో సర్దుకుంటదని చెప్పవేం?"

ఎనిమిదో నెలలో, గుంటూరు ప్రయాణం కట్టుకుంటుండగా, బండి ఎక్కకముందే పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు. పాడె లేచేటప్పుడు నేను వీధి చివర నిలబడ్డాను.

తర్వాత నన్ను రేపల్లె మార్చారు. డెబ్భైల్లో మాత్రలొచ్చాయి, కడుపు తీయించడానికి చట్టమొచ్చింది, ఊరూరా ఆపరేషను క్యాంపులొచ్చాయి. ఏ ఆడమనిషి కనపడ్డా పక్కకి లాగి, రెప్ప చూసి, రోజుకెన్ని గుడ్డలని అడిగేదాన్ని. "బానే ఉందండి" అనేవాళ్ళు, అత్తల వైపు చూస్తూ. ఆ మాట నేను మళ్ళీ నమ్మలేదు. నమ్మకపోయి ఏం ఉద్ధరించాను? వాళ్ళు నిజం చెప్పలేదు, నేను చెప్పించలేకపోయాను.

అలాంటి ఒక క్యాంపులో, మగవాళ్ళ వరసలో, ఆ పిల్ల మొగుడు కనిపించాడు. అడవులదీవి వైపు పిల్లని రెండో పెళ్ళి చేసుకున్నాడట. ఆమెకి ఇద్దరు. అత్తారింటికొచ్చి, బావమరుదులతో కలిసి క్యాంపుకొచ్చాడు. నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు. లోపలికెళ్ళి, నేను ట్రేలో కత్తెరలు ఉడకబెట్టి తెచ్చేలోగానే బయటికొచ్చేశాడు. బల్ల మీద కూర్చుని పంచె సర్దుకుంటూ, నమ్మలేనట్టు నా మొహంలోకి చూశాడు.

"ఇంతేనా అండి?"

గొంతు పట్టుకుని అరవాలనిపించింది. జీవితంలో ఒక్కసారి, అరవాల్సిన చోట, నాకు అరుపు రాలేదు.

"నొప్పి ఏమన్నా ఉంటదా?" అన్నాడు.

"రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాను. అతనికి సర్దుకుంది.